పార్వోలో గుండె సంగతి

కుక్కపిల్లకు పార్వో వచ్చిందనగానే ఇంట్లోవాళ్ల దృష్టీ, వైద్యుల దృష్టీ ముందుగా పోయేది పేగుల మీదికే. అది సహజం. ఆగని వాంతులు, ముక్కు మూసుకోవాల్సిన నెత్తుటి విరేచనాలు, నిన్నటిదాకా ఇంట్లో చెప్పులన్నీ కొరికిన పిల్ల ఇవాళ తల ఎత్తలేకపోవడం, ఇవన్నీ కంటికి కనిపించేవి. వైద్యం లేకుండా వదిలేస్తే పదింటిలో తొమ్మిదిని తీసుకుపోగల జబ్బు ఇది. వేళకు సెలైను, వాంతులు ఆపే మందు, యాంటీబయాటిక్, ఒళ్లు చల్లబడకుండా చూడటం, ఈ నాలుగూ సరిగా అందితే ఎక్కువ భాగం బతికి బయటపడతాయి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. సెలైను సరిగానే ఎక్కి, వాంతులు ఆగి, ఇక గండం గడిచినట్టే అనుకున్న పిల్ల మూడోనాడో నాలుగోనాడో ఉన్నట్టుండి చనిపోతే మాత్రం ఎందుకు పోయిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. రక్తంలోకి చేరిన బ్యాక్టీరియా అనుకోవచ్చు, పడిపోయిన చక్కెర అనుకోవచ్చు, పొటాషియం తగ్గిందనుకోవచ్చు. ఆ వరుసలో గుండె పేరు చాలాసార్లు రాదు. రావాలని నా వాదన. గుండె దెబ్బతిన్న సంగతికి రక్తంలోనే ఆధారం దొరుకుతుంది. కాకపోతే ఆ ఆధారం ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ మాట్లాడకుండా ఆగిపోతుందో తెలిసి వాడుకోవాలి.

గుండెకూ పార్వోకూ ఉన్న సంబంధం కొత్తగా బయటపడింది కాదు. పార్వో వైరస్ కుక్కల మీద విరుచుకుపడిన 1978 ప్రాంతంలోనే రెండు రూపాల్లో కనిపించింది. పిల్లుల్లో అంతకుముందే ఉన్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. కుక్క కణాల్లోకి దూరే నేర్పు సంపాదించాక రెండేళ్లు తిరక్కుండా ప్రపంచమంతా పాకింది. కాస్త ఎదిగిన పిల్లల్లో పేగుల జబ్బుగా వచ్చేది. నెల, నెలన్నర వయసు పిల్లల్లో మాత్రం తీరు వేరు. పాలు తాగి ఆడుకుంటున్న పిల్ల ఒక్కసారిగా ఆయాసపడి, కీచుమని అరిచి, కాసేపట్లోనే ప్రాణం విడిచేది. ఒకే ఈతలో సగానికి పైగా అలా పోయిన సందర్భాలున్నాయి. కోసి చూస్తే గుండె కండరం పాలిపోయి, మీద తెల్లని చారలు కనిపించేవి. దీనికి కారణం వైరస్ బతికే తీరులోనే ఉంది. తన నకళ్లు తీసుకోవడానికి కావలసిన సరంజామా దాని దగ్గర లేదు. విభజన చెందుతున్న కణం దొరికితేనే దాని పని సాగుతుంది. పేగు లోపలి పొరా, ఎముక మూలుగా ఎప్పుడూ కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. గుండె కణాలు అలా కాదు, పిల్ల పుట్టాక సుమారు రెండు వారాలపాటే చురుగ్గా విభజన చెందుతాయి. ఆ రెండు వారాల్లో గానీ, అంతకుముందు తల్లి కడుపులో గానీ వైరస్ సోకితే గుండె దొరికిపోతుంది. ఆడకుక్కలకు టీకాలు పడటం మొదలయ్యాక, ముర్రుపాలతో వచ్చిన రక్షణ పిల్లలను ఆ తొలి వారాల్లో కాచింది. గుండె రూపం అరుదైపోయింది. పాఠ్యపుస్తకాల్లో అదొక పేరాగా మిగిలింది: పుట్టిన కొత్తలో సోకితే గుండె, తర్వాత సోకితే పేగులు.

చదువుకోవడానికి సులువుగా ఉంది కానీ, ఈ గీత అంత తిన్నగా లేదని చెప్పే ఆధారాలు పోగవుతున్నాయి. వాటిలో నాకు బలంగా కనిపించేది 2017లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం. 2007 నుంచి 2015 వరకు శవపరీక్షల్లో భద్రపరిచిన, రెండేళ్లలోపు కుక్కల గుండె కణజాలాన్ని అందులో తిరిగి పరీక్షించారు. గుండె కండరం చచ్చిపోయి గానీ, వాచి గానీ, మచ్చకట్టి గానీ ఉన్న కుక్కలు 40. అదే వయసువే, గుండెలో ఏ లోపమూ కనిపించనివి 41. మొదటి గుంపులో 12 కుక్కల్లో పార్వో వైరస్ జన్యుపదార్థం దొరికింది. రెండో గుంపులో రెండింటిలోనే దొరికింది. వైరస్ జాడ దొరికినంత మాత్రాన గుండెను చెడగొట్టింది అదేనని ఎలా అంటారని అడగవచ్చు. అడగాలి కూడా. ఏ లోపమూ లేని రెండు గుండెల్లోనూ అది ఉందిగా మరి. రక్తంలో తిరుగుతున్న వైరస్ కణజాలంలో చిక్కుకుని ఉండవచ్చు, పాత ఇన్‌ఫెక్షన్ ఆనవాలు కావచ్చు. ఒక్కొక్క కుక్క విషయంలో ఈ అనుమానం తీరదు. మొత్తంగా చూస్తే మాత్రం నూటికి 30 ఒకవైపు, నూటికి 5 మరోవైపు అయినప్పుడు దాన్ని కాకతాళీయమని కొట్టిపారేయడం కష్టం. టీకాలు విరివిగా వేసే దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, ముర్రుపాలు అందకుండానే తల్లికి దూరమైన పిల్లలూ, తల్లికి ఎన్నడూ టీకా వేయని పిల్లలూ లెక్కకు మిక్కిలిగా ఉన్నచోట గుండె సంగతి పాతబడిపోయిందని ఏ ధైర్యంతో అంటాం?

శవపరీక్షలో తెలిసింది బతికున్న కుక్కకు పనికిరాదు. అక్కడే రక్తపరీక్ష అవసరం వస్తుంది. గుండె కండరం ముడుచుకోవడానికీ విచ్చుకోవడానికీ కాల్షియం చెప్పినట్టు నడుచుకునే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. 1960లలో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి వీటి గుట్టు విప్పాడు. వీటిని ట్రోపోనిన్లు అంటారు. ఇవి మూడు: సి, ఐ, టి. వీటిలో ఐ, టి రకాలకు గుండెలో ఉండే రూపం వేరు, కాళ్లూ వీపూ కండరాల్లో ఉండే రూపం వేరు. అందుకే గుండె రకం ట్రోపోనిన్ ఐ రక్తంలో కనిపించిందంటే అది గుండె నుంచి వచ్చిందేనని నమ్మవచ్చు. అందులో అత్యధిక భాగం కండరపు పోగులకు గట్టిగా అంటుకుని ఉంటుంది. కొద్ది భాగం మాత్రం కణద్రవంలో వదులుగా తేలుతుంది. ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి. గట్టి వానకు పెరట్లోని చెంబూ చేటా కొట్టుకుపోవడం వేరు, గోడలోని ఇటుకలు కొట్టుకుపోవడం వేరు. కణానికి కాస్త ఊపిరాడక పొర సడలినప్పుడు వదులుగా ఉన్నది బయటికొస్తుంది, అంకె కొద్దిగా పెరిగి ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. కణమే చచ్చిపోతున్నప్పుడు అంటుకుని ఉన్నది కూడా ఊడి వస్తుంది, అంకె పెరుగుతూనే ఉంటుంది లేదా రోజుల తరబడి దిగనంటుంది. ఒకసారి తీసిన రక్తం ఈ రెంటినీ విడదీయలేదు. పన్నెండు గంటలకో, ఇరవై నాలుగు గంటలకో రెండోసారి తీసిన రక్తం చాలావరకు విడదీస్తుంది. ట్రోపోనిన్ పరీక్ష అంటే నా దృష్టిలో రెండు అంకెల పరీక్ష. మొదటి అంకె దగ్గరే ఆగిపోయి తీర్పు చెప్పేవాళ్లతోనే నా తగాదా.

ఇక్కడొక ఆక్షేపణ తరచూ వినిపిస్తుంది. సీకే ఎంబీ, ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ వంటి చవక పరీక్షలు ఊరూరా ఉండగా ఈ కొత్త పరీక్ష ఎందుకని. చవకే, ఒప్పుకుంటాను. పార్వో పిల్లలో ఆ చవక పరీక్షలు ఏం చెబుతాయో కూడా చూడాలి కదా. సీకే అనే ఎంజైము గుండెలోనే కాదు, ఒంట్లోని కండరాలన్నింటిలోనూ ఉంది. వాంతి ఆగడానికని తొడ కండరంలో సూది పొడిస్తే చాలు, అది పెరుగుతుంది. గుండెకు ప్రత్యేకమని పేరున్న ఎంబీ రకం కుక్కలో ఆ పేరు నిలబెట్టుకోదు, మామూలు కండరాల్లోనూ ఉంటుంది. ఎస్‌జీఓటీ కాలేయంలోనూ కండరంలోనూ ఉంది. ఎల్‌డీహెచ్ లేని అవయవం దాదాపు లేదు. ఇంకో చిక్కు రక్తం తీసేచోట వస్తుంది. ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన పిల్లకు ముందుకాలి నరం దారంలా సన్నబడి ఉంటుంది. సన్న సూదితో సిరంజి బలంగా లాగి, ఆ రక్తాన్ని ట్యూబులోకి చిమ్మితే ఎర్రకణాలు చితికిపోతాయి. పైన తేరుకున్న సీరం లేత పసుపు రంగులో ఉండాల్సింది గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఎర్రకణాల్లోని ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ అందులో కలిసిపోయి అంకెలు ఎగబాకుతాయి. అప్పుడా అంకె గుండె గురించి చెబుతోందో సూది గురించి చెబుతోందో ఎవరూ తేల్చలేరు. తప్పుదారి పట్టించే పరీక్ష చవకైతే మాత్రం ఏం లాభం? ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అనే మరో పరీక్ష కూడా ఉంది. అది గుండె గోడ సాగినప్పుడు పెరుగుతుంది, కండరం చచ్చినందుకు కాదు. ముసలి కుక్కల కవాటాల జబ్బులో దాని విలువ ఎక్కువ, పార్వోలో తక్కువ.

అంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. ట్రోపోనిన్ పెరిగిందే అనుకుందాం, గుండెను దెబ్బకొట్టింది వైరసేనని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, ట్రోపోనిన్ అసలే చెప్పదు. పార్వోలో తెల్లకణాలు పడిపోతాయి, పేగు పొర ఊడిపోయి లోపలి బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి దిగుతాయి, రక్తపోటు జారుతుంది. ఆ విషాలు గానీ, జారిన రక్తపోటు గానీ గుండె కండరాన్ని నలిపేయడానికి చాలు. రక్తంలో చీము విషం పాకిన మనుషుల్లోనూ, ఏ వైరస్ లేకపోయినా, ట్రోపోనిన్ పెరగడం మామూలే. మూత్రపిండాలు మందగిస్తే వడపోత తగ్గి అంకె నిలిచిపోతుంది. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబేసియా జ్వరాల్లోనూ ట్రోపోనిన్ పెరిగినట్టు బ్రెజిల్, దక్షిణాఫ్రికాల్లో చేసిన పరిశోధనలు చూపించాయి. ఎండాకాలం వస్తే చెవుల సందుల్లో పిడుదులు గుత్తులుగా వేలాడే మన తెలుగునాట కుక్కల్లో పార్వోతోపాటు ఆ జ్వరాలు కూడా దాగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. కోవిడ్ సమయంలో ఇంగ్లండులోనూ ఇలాంటి ముడే పడింది. గుండె వాపు అనుమానంతో తీసుకొచ్చిన కొన్ని కుక్కలూ పిల్లులూ కోవిడ్ ఆల్ఫా రకానికి గురైనట్టు 2021లో రాశారు. ఆసక్తి కలిగించే సంగతే, కానీ రెండూ ఒకచోట కనిపించినంత మాత్రాన ఒకటి మరోదానికి కారణమైపోదు. ట్రోపోనిన్‌ను గుండె వాపుకు ఋజువుగా చూపేవారితో నేను ఏకీభవించను. అది గుండె కండరం ఇప్పుడు దెబ్బతింటోందని చెప్పే సాక్షి. కొట్టిందెవరో ఆ సాక్షి చూడలేదు.

అలాంటప్పుడు ఆ సాక్ష్యంతో పనేమిటి, వైద్యం ఎటూ అదే కదా అనేవారున్నారు. నేను గట్టిగా విభేదించేది ఇక్కడే. వైద్యం అదే కాదు. పార్వో వైద్యానికి వెన్నెముక సెలైను. చిగుళ్లు పాలిపోయి, నొక్కి వదిలితే రెండు సెకన్లు దాటినా రంగు తిరిగి రాని పిల్లకు నీళ్లు వేగంగా ఎక్కించాల్సిందే, అక్కడ జంకితే ప్రాణం పోతుంది. కానీ ఆ తొలి కొన్ని గంటలు గడిచాక కూడా అదే వేగంతో డ్రిప్పు నడుస్తుంటే, సరిగా పంపు చేయలేని గుండెకు ఆ నీరు భారమవుతుంది. పేగుల్లోంచి ప్రోటీను కారిపోయి ఆల్బుమిన్ తగ్గిన పిల్లలో నీరు రక్తనాళాల్లో నిలవదు, ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. ఈ రెండూ కలిసిన పిల్ల మొదట ఊపిరి కాస్త వేగంగా తీస్తుంది, అంతే. నిద్రపోతున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు లేచిందో నిమిషంపాటు లెక్కపెడితే దొరికే తేడా అది. పొద్దున 28 ఉన్నది సాయంత్రానికి 45 అయిందంటే డ్రిప్పు చక్రం తిప్పి వేగం తగ్గించాల్సిన వేళ. ట్రోపోనిన్ పెరిగి ఉందని ముందే తెలిస్తే ఆ లెక్క గంటగంటకూ పెట్టించవచ్చు, ఈసీజీ తీయించవచ్చు, పొటాషియం చూసి సరిచేయవచ్చు, ఎకో సదుపాయం ఉన్నచోటికి పంపవచ్చు. తెలియకపోతే డ్రిప్పు రాత్రంతా అదే వేగంతో నడుస్తుంది. మందు మారకపోవచ్చు గాని మోతాదు, వేగం, కాపలా మారతాయి. పార్వోలో పిల్లను బతికించేది చాలావరకు ఈ మూడే.

బతికే అవకాశాన్ని అంచనా వేయడానికి ఇది పనికొస్తుందా అన్నది మరో చర్చ. తుర్కియే పశువైద్యులు పార్వో కుక్కల్లో ట్రోపోనిన్‌నూ, ఎకోలో గుండె పనితీరునూ కలిపి పరిశీలించి, చనిపోయినవాటిలో గుండె దెబ్బ సూచనలు ఎక్కువగా ఉన్నాయని చూపారు. గుంపు మొత్తానికి అది నిజం. అంతమాత్రాన ఎదురుగా బల్ల మీద పడుకున్న ఒక్క పిల్లకు దాన్ని మరణశాసనంగా చదవడం పొరపాటు. ఇలాంటి అధ్యయనాల్లో కుక్కలు పదులలోనే ఉంటాయి, బతికినవాటి అంకెలూ పోయినవాటి అంకెలూ ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. మొదటి రోజు అంకె ఎక్కువ వచ్చిందని ఇక లాభం లేదనేస్తే ఖర్చు పెట్టడానికి వెనకాడుతున్న యజమాని అక్కడితో ఆపేస్తాడు. పిల్ల చనిపోతుంది, అంచనా నిజమైనట్టు కనిపిస్తుంది. ఈ పరీక్షను ఇలా వాడేటట్టయితే అసలు చేయకపోవడమే మేలు.

ఇక ఖర్చు సంగతి. సెలైను సీసాలకే డబ్బులు లెక్కపెట్టుకునే ఇంట్లో ఈ పరీక్ష రాయడం న్యాయమా? ప్రతి పార్వో పిల్లకూ రాయడం అన్యాయమే అంటాను. నీళ్లు సరిగా ఎక్కాయి, జ్వరం దిగింది, నొప్పి లేదు, అయినా గుండె వేగం తగ్గలేదు, లేదా స్టెతస్కోపులో వినిపించే ప్రతి దెబ్బకూ తొడ దగ్గర నాడి అందడం లేదు. అలాంటి పిల్లకు రాయాలి. ఎనిమిది వారాల లోపు పిల్ల, ముర్రుపాలు తాగలేదని తెలిసిన పిల్ల, అదే ఈతలో ఒకటి ఉన్నట్టుండి చనిపోయిన పిల్ల అయితే వెనకాడనక్కర్లేదు. ఈ ప్రోటీను నిర్మాణం పాలిచ్చే జంతువుల్లో దాదాపు ఒక్కలాగే ఉండటంతో మనుషులకు వాడే చాలా పరికరాలు కుక్క రక్తంలోనూ దాన్ని పట్టుకోగలవు. జిల్లా కేంద్రాల్లో గుండె ఆసుపత్రుల పక్కన ఉండే ల్యాబుల్లో ఆ యంత్రాలు ఎటూ ఉన్నాయి. జాగ్రత్త పడాల్సినవి రెండే. ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెను మరో కంపెనీ యంత్రం అంకెతో పోల్చకూడదు, రెండుసార్లూ ఒకచోటే చేయించాలి. రెండోది కొలమానం. చాలా యంత్రాల్లో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల లోపే ఉంటుంది. కొత్త యంత్రాలు పీకోగ్రాముల్లో ఇస్తాయి. 0.15 నానోగ్రాములన్నా 150 పీకోగ్రాములన్నా ఒకటే, కానీ 150 అన్న అంకె చూసి హడలిపోయేవారున్నారు.

బతికిన పిల్లల గురించి కూడా ఒక మాట చెప్పాలి, వాటి సంగతి సాధారణంగా ఎవరికీ పట్టదు. విరేచనాలు ఆగి, పెరుగన్నం తిని, తోక ఊపుతూ ఇంటికెళ్లిన పిల్ల కేసు అక్కడితో మూసేస్తారు. చచ్చిపోయిన గుండె కణం తిరిగి పుట్టదు, ఆ జాగాలో మచ్చ ఏర్పడుతుంది. 2017 అధ్యయనంలో పరిశీలించిన గుండెల్లో అలా మచ్చకట్టినవీ ఉన్నాయి. మచ్చ చిన్నదైతే కుక్క జీవితాంతం దాని ఊసే తెలియకుండా బతకవచ్చు. పెద్దదైతే నెలల తర్వాత గుండె లయ తప్పవచ్చు, గుండె సాగిపోవచ్చు. పార్వోలో ట్రోపోనిన్ పెరిగిన పిల్లకు కోలుకున్న మూడు నాలుగు వారాలకు మరోసారి పరీక్ష చేసి, అప్పటికీ అంకె దిగకపోతే ఎకో తీయించడం సబబు. ఈ పిల్లలే ఆరేడు నెలల వయసులో కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు వస్తాయి. మత్తుమందుల్లో కొన్ని గుండె వేగాన్ని సగానికి దించుతాయి, కొన్ని రక్తపోటును పడేస్తాయి. మంచి గుండె తట్టుకుంటుంది. మచ్చపడిన గుండె బల్ల మీదే ఆగిపోవచ్చు. ఆ రోజు మత్తు ఇచ్చే డాక్టరు వేరొకరై ఉంటారు, యజమాని పార్వో మాటే మరచిపోయి ఉంటాడు. టీకాల కార్డు వెనక ఖాళీ జాగాలో పార్వో వచ్చిన తేదీ, ట్రోపోనిన్ అంకెలు రెండూ, ఏ ల్యాబులో చేయించారో రాసి ఇవ్వడానికి డాక్టరుకు ఒక నిమిషం పడుతుంది. రాయకపోతే యజమానులే అడిగి రాయించుకోవాలి.